నోరున్నప్పుడే చెప్పవలసిన మాట



రాత్రి పదకొండు గంటల సమయం. పట్నంలోని ఒక ఆసుపత్రిలో ఐ.సి.యు. తలుపు ముందు ఒక కుటుంబం నిలబడి ఉంది. లోపల డెబ్బై ఆరేళ్ల పెద్దాయన. నలభై ఏళ్లు బీడీ తాగి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆయాసంతో ఆసుపత్రికి రావడం ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి. డాక్టరుగారు బయటికి వచ్చి, "గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలి. పెట్టినా మళ్లీ తీయగలమో లేదో చెప్పలేము. ఏమంటారు?" అని అడిగారు.

ఊరిలో సేద్యం చేస్తూ తండ్రిని చూసుకునే పెద్దకొడుకు నోట మాట రాలేదు. దుబాయిలో ఉన్న చిన్నకొడుకు ఫోనులో, "ఎంత ఖర్చయినా పర్వాలేదు, నేను వచ్చేదాకా నాయనను కాపాడండి" అని ఏడుస్తున్నాడు. కూతురు మెల్లగా, "మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, గొట్టాలు మిషన్లు నాకొద్దు బిడ్డా, ఇంటికాడనే ఉంటా అన్నడు" అని చెప్పింది. "నాతోని ఎన్నడూ అనలేదే!" అన్నాడు పెద్దకొడుకు.

వెంటిలేటర్ పెట్టారు. నాలుగో రోజున చిన్నకొడుకు వచ్చాడు. తండ్రి చేతులు మంచానికి కట్టి ఉన్నాయి, నోటిలో గొట్టం ఉంది. తండ్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తొమ్మిదో రోజున కన్నుమూశాడు. ఎకరం పొలం కుదువకు పోయింది. ఇప్పుడు ఆ అన్నదమ్ములు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోవడం లేదు.

ఇది ఏదో ఒక్క ఇంటి కథ కాదు. ఊర్లు, జబ్బులు మారుతాయి గాని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుండి వచ్చే కుటుంబాలలో ఇటువంటి సంగతులు జరుగుతూనే ఉంటాయి. ఇందులో తప్పు ఎవరిది? కొడుకులది కాదు. ఇద్దరికీ తండ్రి మీద ప్రేమ ఉంది. వారి దగ్గర లేనిది ఒక్కటే, తండ్రి మాట. ఆయన మనసులో ఏముందో ఆయనకు నోరున్నప్పుడు అందరూ కలిసి అడిగి ఉంటే, ఆ రాత్రి వారు అంతగా నలిగిపోయేవారు కాదు.

ఈ నెల మనం ఆ విషయమే తెలుసుకుందాం.

ముందస్తు వైద్య నిర్ణయం అంటే ఏమిటి?

రేపు నాకు తీవ్రమైన జబ్బు చేసి, మాట్లాడే తెలివి లేకుండా పడిపోతే నాకు ఎటువంటి వైద్యం కావాలి? ఎటువంటిది వద్దు? నా తరఫున డాక్టర్లతో ఎవరు మాట్లాడాలి? చివరి రోజులు ఎక్కడ గడపాలి? ఈ నాలుగు ప్రశ్నలకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే జవాబు ఆలోచించి, ఇంట్లోవారికి చెప్పి, వీలైతే కాగితం మీద పెట్టడమే ముందస్తు వైద్య నిర్ణయం. ఆ కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. ఆస్తి వీలునామా మనిషి పోయిన తరువాత అమలవుతుంది. లివింగ్ విల్ మనిషి బ్రతికి ఉండగానే, తన మాట తాను చెప్పలేని సమయంలో పనికి వస్తుంది.

ఒక సంగతి ముందే గుర్తుంచుకోండి. రోగికి తెలివి ఉండి మాట్లాడగలిగినంత కాలం ఆ కాగితం అవసరం లేదు. రోగి చెప్పిన మాటే చెల్లుతుంది.

మనకు ఎందుకింత కష్టం?

"శుభమా అని ఇంట్లో అందరూ కూర్చుంటే చావు మాట ఎందుకు?" అని పెద్దలు కోప్పడతారు. పిల్లలు అడిగితే, "ఆస్తి కోసం తొందర పడుతున్నారు" అని నలుగురూ అనుకుంటారేమోనని భయం. అందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మనకు మరొక కష్టం కూడా ఉంది. పాలమూరు అంటేనే వలస. ఇక్కడి కూలీలు ప్రాజెక్టులు కట్టడానికి దేశమంతా తిరిగారు. బొంబాయి, పుణె, హైదరాబాదులకు ఇప్పటికీ వెళుతూనే ఉన్నారు. చదువుకున్న పిల్లలు గల్ఫ్, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలు చేరుతున్నారు. అందువల్ల తల్లిదండ్రుల మంచం దగ్గర ఉండేది ఒకరు, ఖర్చు పంపేది మరొకరు. దగ్గర ఉన్న బిడ్డ రోజూ ఆ బాధను కళ్లారా చూస్తాడు. దూరాన ఉన్న బిడ్డ మనసులో మాత్రం రెండేళ్ల క్రితం బస్టాండు దాకా నడిచి వచ్చి సాగనంపిన నాయనే ఉంటాడు. సేవ చేయలేకపోయానన్న బాధ కొద్దీ "అన్నీ చేయండి" అంటాడు. ప్రేమ ఇద్దరిదీ ఒకటే. చూసేది మాత్రం వేరు వేరు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. సింగపూర్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాలలో స్థిరపడిన చైనా సంతతి కుటుంబాలలోనూ పెద్దల ముందు చావు మాట ఎత్తడం అమంగళమే. వారి భాషలో నాలుగు అనే అంకె చావు అనే మాటలా వినిపిస్తుంది గనుక కొన్ని భవనాలలో నాలుగో అంతస్తుకు ఆ అంకె కూడా వేయరు. తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవడమంటే చివరి నిమిషం దాకా ఏ వైద్యమూ ఆపకపోవడమే అని వారి పిల్లలూ అనుకుంటారు. అయినా చైనా సంతతివారే ఎక్కువగా ఉన్న సింగపూర్‌లో 1996లోనే ఇందుకు ఒక చట్టం చేశారు. తైవాన్‌లో 2019 జనవరి 6 నుండి ఇటువంటి చట్టం అమలులో ఉంది. మాట్లాడడం కష్టమైన చోటనే దారి వేసుకున్నారన్నమాట.

అమెరికాలో 1990లో చేసిన చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేరే పెద్దవారిని "మీరు ముందస్తు వైద్య నిర్ణయ పత్రం రాశారా?" అని అడుగుతారు. మనవళ్లను చూడడానికి వెళ్లి అక్కడ జబ్బుపడిన మన పెద్దలు ఈ ప్రశ్న వినగానే, "నేను బ్రతకననా వీళ్ల ఉద్దేశం?" అని హడలిపోతారు. అది అందరినీ అడిగే మాట. భయపడనక్కరలేదు.

ఏ వైద్యం ఎప్పుడు మేలు చేస్తుంది?

నిర్ణయం తీసుకోవాలంటే ముందు విషయం తెలియాలి.

1. వెంటిలేటర్: కట్లపాము కరిచి ఊపిరి ఆగిపోతున్న యువకుడికి, పురుగుల మందు తాగిన మనిషికి, న్యుమోనియా వచ్చిన ఆరోగ్యవంతుడికి వెంటిలేటర్ ప్రాణదాత. కొన్ని రోజులు ఊపిరి అందిస్తే శరీరం కోలుకుంటుంది. కాని ఊపిరితిత్తులు పూర్తిగా పాడైనవారికి, క్యాన్సరు ఒళ్లంతా పాకినవారికి అది జబ్బును నయం చేయదు. చావును కొన్ని రోజులు వాయిదా వేస్తుంది, అంతే. గొట్టం ఉన్నంతసేపు రోగి మాట్లాడలేడు. చాలామందికి మత్తు మందు ఇవ్వవలసి వస్తుంది.

2. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం: దీనిని సి.పి.ఆర్. అంటారు. హఠాత్తుగా గుండె ఆగినవారికి వెంటనే చేస్తే ప్రాణం నిలబడవచ్చు. దీర్ఘకాలపు జబ్బు ఆఖరి దశలో ఉండి, శరీరం చిక్కిపోయిన వృద్ధులలో ఇది ఫలించడం చాలా అరుదు. పక్కటెముకలు విరగవచ్చు కూడా.

3. ముక్కు ద్వారా ఆహారపు గొట్టం: పక్షవాతం వచ్చిన కొత్తలో మింగలేనివారికి మంచి సహాయం. మతిమరుపు జబ్బు ముదిరి చివరి దశకు చేరినవారికి దీనివల్ల పెద్దగా మేలు ఉండదు. అటువంటివారికి చెంచాతో తడి తడిగా, ఓపికగా తినిపించడమే మంచిది. మరణానికి దగ్గరైన మనిషికి ఆకలి తగ్గడం సహజం. మనం అన్నం పెట్టక పోవడం వల్ల ఆయన చనిపోవడం లేదు. ప్రాణం పోతున్నది గనుక తినడం లేదు.

4. డయాలసిస్: మూత్రపిండాలు చెడినవారు దీనితో ఏళ్ల తరబడి బ్రతుకుతారు. కాని అవయవాలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోతున్నప్పుడు ఇది ఒక్కటే నిలబెట్టలేదు.

కాబట్టి "గొట్టాలు వద్దు" అని ఒక్క మాట అనేస్తే సరిపోదు. "కోలుకునే ఆశ ఉంటే అన్నీ చేయండి, ఆశ లేదని తేలితే వద్దు" అని చెప్పాలి. మధ్యదారి కూడా ఒకటి ఉంది. "మూడు నాలుగు రోజులు ప్రయత్నించండి, మెరుగు కనబడకపోతే ఆపండి" అని చెప్పవచ్చు. అనుమానంగా ఉన్నప్పుడు డాక్టర్లు కూడా ఈ దారినే ఇష్టపడతారు.

"ఇంటికి తీసుకుపొండి" అంటే వదిలేయడమా?

మన దగ్గర తరచు జరిగేది ఇది. డబ్బు అయిపోతుంది, ఆశ పోతుంది. సంతకం పెట్టించుకొని రోగిని పంపేస్తారు. అంబులెన్సులో ఆక్సిజన్ తీసేసిన తరువాత ఆయాసంతో ఎగిరెగిరి పడుతుంటే, ఇంట్లోవారు ఏమి చేయాలో తెలియక ఏడుస్తారు. ముందస్తు నిర్ణయమంటే ఇది కాదు.

మిషన్లు వద్దనుకున్నా వైద్యం ఆగదు. నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, పుండ్లకు, దిగులుకు చివరి వరకు మందు ఉంటుంది. దీనిని ఉపశమన చికిత్స లేక పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సరు నొప్పికి, తీరని ఆయాసానికి డాక్టరు సలహాతో తగు మోతాదులో ఇచ్చే మార్ఫిన్ మంచి మందు. అది వాడితే త్వరగా చనిపోతారన్నది అపోహ. ఒకప్పుడు దీనికి అనుమతులు దొరకడం చాలా కష్టంగా ఉండేది. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి ఆ నిబంధనలను సులభం చేశారు.

హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం పనిచేస్తున్నది. తెలంగాణలో 2017 తరువాత జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా ఈ కేంద్రాలు మొదలయ్యాయి. ఇంటికి వచ్చి చూసే నర్సు సేవ మీ మండలానికి ఉందేమో ఆశా కార్యకర్తను గాని, జిల్లా ఆసుపత్రిలో గాని అడగండి. చివరి రోజు దాకా ఆగవద్దు. జబ్బు నయం కాదని తెలిసిన రోజే అడగాలి.

చట్టం ఏమంటున్నది?

ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో జరిగిన దాడి వల్ల తెలివి కోల్పోయి, 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయే వరకు నలభై రెండేళ్లు మంచంలోనే ఉన్నారు. తోటి నర్సులు ఆమెకు అన్నేళ్లూ సేవ చేశారు. ఆమె విషయంలో 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ ప్రశ్న దేశమంతటా చర్చకు వచ్చింది.

తరువాత 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి లివింగ్ విల్‌కు అనుమతి ఇచ్చింది. అయితే ఆ పత్రం మీద మేజిస్ట్రేటు సంతకం ఉండాలన్నారు. అది సామాన్యులకు కష్టమైంది. అందుకని 2023 జనవరి 24న కోర్టు నియమాలను తేలిక చేసింది. ఇప్పుడున్న పద్ధతి ఇది:

* రాసే వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలి. మతి స్థిమితంగా ఉండాలి. ఎవరి ఒత్తిడీ ఉండకూడదు.
* ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. సాక్షులు కుటుంబంతో లాభనష్టాలు లేనివారైతే మంచిది.
* నోటరీ గాని, గెజిటెడ్ అధికారి గాని ధృవీకరించాలి.
* తన తరఫున మాట్లాడవలసినవారి పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమందిని రాయవచ్చు.
* ఒక ప్రతి మునిసిపాలిటీ లేక పంచాయతీ నుండి నియమించిన అధికారికి, ఒక ప్రతి కుటుంబ డాక్టరుకు ఇవ్వాలి.
* ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అది రాతపూర్వకంగా ఉండాలి.

కాగితం ఉన్నంత మాత్రాన ఎవరో వచ్చి వెంటనే మిషను ఆపేయరు. ముందు చికిత్స చేస్తున్న డాక్టరు, మరి ఇద్దరు అనుభవజ్ఞులైన వైద్యులు కలిసి ఆశ లేదని నిర్ధారించాలి. తరువాత రెండవ బోర్డు చూస్తుంది. అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరు, మొదటి బోర్డులో లేని నిపుణులు ఇద్దరు ఉంటారు. ఒక్కొక్క బోర్డు వీలైనంత వరకు 48 గంటలలో అభిప్రాయం చెప్పాలి. మీరు పేరు రాసినవారి అంగీకారం కావాలి. ఆ తరువాత మేజిస్ట్రేటుకు తెలియజేసి అమలు చేస్తారు. బోర్డు ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు. కాగితం రాయనివారి విషయంలో కూడా కుటుంబం అంగీకారంతో ఇవే బోర్డులు నిర్ణయం తీసుకోవచ్చు.

నిపుణుల కోసం ఒకప్పుడు మనవారు హైదరాబాదుకో కర్నూలుకో పోవలసి వచ్చేది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. గద్వాలవారు వైద్యానికి వెళ్లే రాయచూరు కర్ణాటకలో ఉంది. ఈ తీర్పును అమలు చేయాలని అక్కడి ఆరోగ్యశాఖ 2025 జనవరిలో ఆదేశాలు ఇచ్చింది.

పాఠకుల సందేహాలు

*ఇది ఆత్మహత్య గాని, హత్య గాని కాదా?*
కాదు. ఇంజెక్షను ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం. దానిని ఎవరూ కోరకూడదు, చేయకూడదు. ఫలితం లేని మిషన్లను ఆపి, సహజంగా వచ్చే మరణాన్ని బాధ లేకుండా రానివ్వడం వేరు. ప్రాణం ఇచ్చేదీ తీసుకునేదీ దేవుడే అని నమ్మేవారు మిషనునే దేవుడిగా చేసుకోనక్కరలేదు.

*చదువు రానివారు ఎలా రాయాలి?*
ఎవరిచేతనైనా రాయించి, చదివించుకొని, సాక్షుల ముందు వేలిముద్ర వేయవచ్చు. తెలుగులోనే రాయించుకోండి.

*ఆరోగ్యశ్రీ ఉంది గదా, ఖర్చు గురించి ఎందుకు ఆలోచించాలి?*
ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. అది 2007 ఏప్రిల్ 1. కోలుకునే అవకాశమున్న ఎందరికో అది ఆధారమైంది. కాని ఇక్కడ అసలు ప్రశ్న డబ్బు కాదు. ఖర్చు పైసా లేకపోయినా, ఆ వైద్యం రోగికి ఇష్టమా కాదా అని అడగాలి. అలాగే డబ్బు లేదన్న కారణంతో కోలుకునే వైద్యాన్ని వద్దని ఏ పెద్దవారిచేతా రాయించకూడదు.

*కొడుకు విదేశంలో ఉన్నాడు. ఎవరి పేరు రాయాలి?*
అర్ధరాత్రి పిలిస్తే ఆసుపత్రికి రాగలిగినవారి పేరు ముందు రాయండి. కూతురైనా, కోడలైనా సరే. దూరాన ఉన్న కొడుకు పేరును కూడా రాసి, ఆ కాగితం ఫోటోను అతనికి పంపండి. అంతకంటే ముఖ్యంగా, అతడు సెలవుకు వచ్చినప్పుడు గాని, ఫోనులో అందరూ కలిసినప్పుడు గాని మీ నోటితో మీరే చెప్పండి. అప్పుడు ఆ రాత్రి అతడు "నాయన మాట ఇది" అని ఒప్పుకోగలుగుతాడు.

యాకోబు చేసిన పని

కరువు వలన కనాను విడిచి, ఐగుప్తుకు వలస వెళ్లిన వృద్ధుడు యాకోబు సంగతి ఆదికాండములో చదువుతాము. పరదేశంలో పదిహేడు సంవత్సరాలు బ్రతికి, మరణకాలం సమీపించినప్పుడు ఆయన యోసేపును పిలిపించి, తనను ఎక్కడ పాతిపెట్టాలో చెప్పి ప్రమాణం చేయించుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. తరువాత కుమారులందరినీ కూర్చుండబెట్టి అదే మాట మళ్లీ చెప్పాడు. ఒకరికి బాధ్యత అప్పగించి, అందరికీ తెలియజేశాడు. అందుకే ఆయన చనిపోయాక ఆ మాట మీద కుమారుల మధ్య తగవు రాలేదు. మనం చేయవలసినది కూడా ఇదే.

ఎలా మొదలు పెట్టాలి?

మంచి రోజు చూసుకోండి. పండుగకు పిల్లలు వచ్చినప్పుడు, అన్నాలు తిన్నాక, పెద్దవారే మొదలుపెడితే సులభం. "ఫలానా ఆయనకు ఆసుపత్రిలో అట్లా అయింది గదా, నాకైతే..." అని ఎత్తుకోవచ్చు. పిల్లలు అడిగేటట్లయితే, "నాయనా, రేపు డాక్టరు మమ్ములను అడిగితే నీ మాట ఏమని చెప్పాలె?" అని అడగండి. ఒక్కసారితో పూర్తి కాకపోవచ్చు. కొత్త జబ్బు వచ్చినప్పుడు, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడండి. చెప్పినది ఈ విధంగా రాసుకోవచ్చు:

"నా పేరు ............ వయసు ...... ఊరు ............ నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా ఇది రాయిస్తున్నాను. దీని ఫలితం ఏమిటో నాకు తెలుసు. నాకు కోలుకునే ఆశ ఉన్నంతవరకు వైద్యం చేయించండి. నయం కాని జబ్బుతో, కోలుకునే ఆశ లేదని వైద్యులు నిర్ధారించి, నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉంటే, నాకు వెంటిలేటర్ ........., ఛాతీ నొక్కడం ........., ఆహారపు గొట్టం ........., డయాలసిస్ ......... (కావాలి / వద్దు). నొప్పికి, ఆయాసానికి మందులు ఆపవద్దు. నా చివరి రోజులు ............ లో గడపాలని నా కోరిక. నా తరఫున మాట్లాడవలసినవారు: 1. ............ 2. ............ ఈ పత్రాన్ని నేను ఎప్పుడైనా రద్దు చేసుకోగలను."

కింద మీ సంతకం, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ముద్ర ఉండాలి. కాగితాన్ని బీరువాలో దాచిపెట్టి తాళం వేయవద్దు. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులతో కలిపి ఒకే సంచిలో పెట్టండి. ఆ సంచి ఎక్కడ ఉందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి.

నోటరీ దాకా ఇప్పుడే వెళ్లలేకపోయినా పర్వాలేదు. ముందు మాట్లాడండి. కాగితం లేని మాట కూడా ఆ రాత్రి పిల్లలకు ఎంతో తోడుగా ఉంటుంది. మాట్లాడకుండా రాసిన కాగితం మీద మాత్రం పిల్లలు తగవు పడవచ్చు.

మీకున్న జబ్బు ముందు ముందు ఎలా మారుతుందో, మీకు ఏ వైద్యం మేలు చేస్తుందో ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మీ డాక్టరును అడగండి. మీ మాట వినవలసినవారిని కూడా వెంట తీసుకొని రండి.